గుంపులో జరిగిన నష్టమునకు బాధ్యులెవరు?

వైద్యశాలలో రోగి మరణించినప్పుడు బంధువుల దుఃఖము కొన్ని వేళల ఆగ్రహముగా మారును. కిటికీ అద్దములు పగులును, బల్లలు విరుగును, పక్క గదిలోని రోగికి కావలసిన యంత్రము కూడ నేలగూలును. పోలీసులు వచ్చి విచారించునప్పుడు ప్రతివాడును, "నేను రాయి వేయలేదు, వారితో వచ్చితిని, అంతియే" అనును. పదిమందిలో రాయి విసిరిన చేయి ఏదియో తేల్చుట నిజముగనే కష్టము. అంతమాత్రమున తక్కినవారందరును నిర్దోషులని చట్టము తలంపదు.

2024 జులై 1 నుండి అమలులో నున్న భారతీయ న్యాయ సంహితలోని 189, 190 సెక్షన్ల ప్రకారము, ఐదుగురు గాని అంతకు మించి గాని నేరము చేయు ఉమ్మడి లక్ష్యముతో గుమిగూడినచో అది చట్టవిరుద్ధ సమావేశము. ఆ లక్ష్యసాధనకై వారిలో ఒకడు నేరము చేసినను, ఆ సమయమున ఆ గుంపులో సభ్యుడైన ప్రతివాడును దోషియే యగును. పాత శిక్షాస్మృతి 149వ సెక్షనులో చెప్పినదియు ఇదియే.

చప్పుడు విని, ఏమి జరుగుచున్నదో చూడ నిలిచినవాని సంగతి వేరు. అచ్చట నుండుట మాత్రమే నేరము కాదు. గుంపు లక్ష్యములో అతనికిని పాలున్నదని రుజువు కావలెను. అయినను, వేడుక చూడ నిలిచినవాడు ఆ మాట కోర్టులో చెప్పుకొనుటకు ఎన్ని వాయిదాలు తిరుగవలసి వచ్చునో! వెంటనే తొలగిపోవుట మేలు.

వైద్యశాలల రక్షణకై ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ప్రత్యేక చట్టము చేయబడినది. తెలంగాణలోను అది కొనసాగుచున్నది. ఒంటరిగా చేసినవానిని, గుంపులో సభ్యుడై చేసినవానిని, నాయకుని, పురికొల్పినవానిని అది ఒకే తీరున అపరాధిగా ఎంచును. మూడేండ్ల వరకు ఖైదు, 50,000 రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. ఇంతటితో తీరదు. పాడైన వైద్య పరికరముల కొనుగోలు ధరకు రెట్టింపు మొత్తమును, ఇతర ఆస్తి నష్టమును కోర్టు నిర్ణయించిన మేరకు చెల్లింపవలెను. చెల్లింపనిచో భూమిశిస్తు బకాయి వలె వసూలు చేయుదురు. అనగా పొలమునకు, ఇంటికి ముప్పు వచ్చును.

అంటువ్యాధి ప్రబలిన కాలమున దేశమంతటను ఇట్టి నిబంధనయే వర్తించును. 1897 నాటి అంటువ్యాధుల చట్టమును 2020లో సవరించి, ధ్వంసమైన ఆస్తి యొక్క మార్కెట్టు విలువకు రెట్టింపు పరిహారము విధించిరి.

చికిత్సలో లోపము జరిగెనని నమ్మువారు ముందుగా చికిత్స పత్రముల నకలును వ్రాతపూర్వకముగా కోరవలెను. 72 గంటలలో వైద్యులు వానిని ఇయ్యవలసి యున్నది. ఆ పత్రములతో రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చును. రుసుము తీసికొని చేసిన చికిత్స యైనచో రెండేండ్లలోగా వినియోగదారుల కమిషనును ఆశ్రయింపవచ్చును.