జీబ్రా బొమ్మ చెప్పే మందు కథ

తపాలా బిళ్ళలు, నాణేలు, అగ్గిపెట్టె బొమ్మలు సేకరించేవారిని మీరు చూసే ఉంటారు. మందుల కంపెనీలు పంచిన బొమ్మలను సేకరించేవారు కూడా ఉన్నారంటే ఆశ్చర్యంగా లేదూ? అమెరికాలో అలాంటివారు దాచుకునే వాటిలో మెత్తటి గుడ్డ జీబ్రా ఒకటి. 'జిత్రోమాక్స్' అనే యాంటీబయోటిక్ మందు ప్రచారం కోసం ఫైజర్ కంపెనీ ఆ జీబ్రాను వాడుకుంది.

జీబ్రాయే ఎందుకు? ఇంగ్లీషులో జీబ్రా, జిత్రోమాక్స్ ఒకే అక్షరంతో మొదలవుతాయి. చారలు ఒకసారి చూస్తే మరచిపోలేం. పిల్లవాడికి అది ఆటవస్తువు. డాక్టరు బల్లమీద ఉంటే మాత్రం మందు పేరును రోజూ గుర్తుచేసే ప్రకటన!

ఇక ఆ మందు సంగతి చూద్దాం. దాని అసలు పేరు అజిత్రోమైసిన్. 1980లో అప్పటి యుగోస్లావియాలోని జాగ్రెబ్ నగరంలో ప్లీవా కంపెనీ శాస్త్రజ్ఞులు దీన్ని తయారుచేశారు. అమెరికాలో 1991లో అనుమతి లభించింది.

ఇది ఎలా పనిచేస్తుంది? దాదాపు ప్రతి జీవకణంలోనూ ప్రోటీన్లు తయారుచేసే రైబోసోములు ఉంటాయి. ఇవి చిన్న చిన్న కార్ఖానాల వంటివి. అజిత్రోమైసిన్ బాక్టీరియాల రైబోసోములకు అతుక్కుని పని ఆపేస్తుంది. ప్రోటీన్లు లేక బాక్టీరియా పెరగలేదు. మన కణాలలోని రైబోసోముల నిర్మాణం వేరు కనుక వాటి పని సాగుతూనే ఉంటుంది.

మరి జలుబుకు ఈ మందు వాడవచ్చా? వాడకూడదు. జలుబును కలిగించేవి వైరస్‌లు. వైరస్‌కు సొంత రైబోసోములే లేవు. లేని కార్ఖానాను మూయించడం ఎలా?

అనవసరంగా వాడితే డబ్బు దండగ కావడమే కాదు, ప్రమాదం కూడా. మన శరీరంలో ఉండే కోట్లాది బాక్టీరియాలలో మందుకు లొంగనివి కొన్ని ఉండవచ్చు. మందు పడగానే లొంగేవి చచ్చిపోతాయి. లొంగనివి మిగిలి, వృద్ధి చెందుతాయి. తరువాత నిజంగా జబ్బు చేసినప్పుడు ఆ మందు పనిచేయకపోవచ్చు. పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడే, మందును చాలీచాలకుండా వాడితే ఇలా జరుగుతుందని హెచ్చరించాడు.

మందును ఎన్నుకోవలసింది రోగాన్ని బట్టి, బల్లమీది బొమ్మను బట్టి కాదు. అందుకే కంపెనీల నుంచి డాక్టర్లు బహుమతులు తీసుకోరాదని మన దేశంలో వైద్యమండలి 2009లో నియమం చేసింది. అమెరికాలో మందుల పేర్లున్న కలాలు, కప్పుల వంటివి పంచడం మానుకోవాలని కంపెనీల సంఘం పెట్టుకున్న నియమం అమలులోకి వచ్చిందీ 2009లోనే. ఆనాటి బొమ్మలు ఇప్పుడు చరిత్రకు సాక్ష్యాలు.

మీకూ ఇలాంటి పాత వస్తువు దొరికితే పారవేయకండి. అది ఏ మందుది, ఎప్పటిది, ఎవరిచ్చారు అన్నది చీటీ మీద రాసి ఉంచండి. మాత్రలను, మందు ఉన్న సీసాలను మాత్రం సేకరణలో పెట్టకండి.

ఈ రోజే ఒక పని చేయండి. పెద్దలను అడిగి, ఇంట్లో ఉన్న మాత్రల అట్టలు చూడండి. దేనిమీదైనా నిలువుగా ఎర్రగీత ఉందా? డాక్టరు చీటీ లేకుండా వాడరాదని ఆ గీత అర్థం. జీబ్రా చారల కన్నా ఆ ఒక్క గీతను గుర్తుంచుకోవడం మనకు ముఖ్యం.