బ్యాటరీ పోయింది, డేటాబేసు కుంటింది

దోహాలో వారం ఆదివారం మొదలవుతుంది. ఆ ఆదివారం ఆఫీసులో అడుగుపెట్టానో లేదో, జీతాలు చూసే అకౌంటెంటు ఎదురొచ్చాడు. మూడు నిమిషాల్లో అయ్యే హాజరు లోడింగు గంటన్నరైనా తెమలలేదట. ఖతార్‌లో 2015 నాటి చట్టం ప్రకారం, జీతాలు గడువు తేదీ నుంచి 7 రోజుల్లోగా బ్యాంకు ఖాతాల్లో పడాలి. మాకు మిగిలింది ఒక్క రోజు. నాలుగు వేల మంది కార్మికులు, అందులో నిజామాబాద్, జగిత్యాల వాళ్ళు చాలామందే.

లినక్సు మీద మై ఎస్‌క్యూఎల్. 'టాప్' కొడితే లోడ్ ఏవరేజ్ 20 దాటింది, సీపీయూ మాత్రం పనిలేక కూర్చుంది. లినక్సు లోడ్ లెక్కలో డిస్కు కోసం ఎదురుచూసే ప్రాసెస్‌లు కూడా కలుస్తాయని మీకు తెలిసిందే. నాకూ తెలుసు, అయినా అలవాటు కొద్దీ ఇండెక్సులను అనుమానించి అరగంట తగలేశాను!

'వీఎంస్టాట్'లో స్వాప్ సున్నా, మెమరీ గొడవ కాదు. 'ఐఓస్టాట్'లో దొరికింది దొంగ: రాసేది కాస్తే, ఒక్కో రాతకీ పట్టే సమయం మాత్రం పదింతలు.

రెయిడ్ కార్డు మామూలుగా రాతని తన మెమరీలో పెట్టుకుని 'అయిపోయింది' అనేస్తుంది. కరెంటు పోతే ఆ మెమరీని కాపాడేది చిన్న బ్యాటరీ. అది చస్తే, ప్రతి రాతా డిస్కు చేరాకే బదులిస్తుంది. శుక్ర, శనివారాలు సర్వర్ గదిలో ఏసీ ఆగిపోయింది. ఆగస్టులో దోహా ఎండ సంగతి వేరే చెప్పాలా? బ్యాటరీ ఉడికిపోయింది.

నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కు సెకనుకి 120 చుట్లు తిరుగుతుంది. లాగ్ రాతలు కూడా దాదాపు అన్నే. మా ప్రోగ్రాము 1,20,000 హాజరు వరసల్ని ఒక్కొక్కటిగా కమిట్ చేస్తోంది. రీడూ లాగ్‌కి ఒకటి, బైనరీ లాగ్‌కి ఒకటి, కమిట్‌కి రెండేసి ఎఫ్‌సింక్‌లు. అంటే డిస్కు మా ఒక్కరిదే అయినా అరగంట పైమాటే. బ్యాటరీ బాగున్నన్నాళ్ళూ ఈ రాత లోపం బయటపడలేదు.

లాగ్‌ని సెకనుకొకసారే డిస్కుకి పంపేలా సెట్టింగు మార్చేద్దామన్నాడు సహోద్యోగి. కరెంటు పోతే చివరి సెకను కమిట్లు గల్లంతవ్వచ్చు. జీతాల లెక్కతో ఆ ఆట నాకు నచ్చలేదు. వెయ్యి వరసలకొక కమిట్ పెట్టాం. లోడింగు ఆరు నిమిషాల్లో అయిపోయింది.

సాయంత్రం కిందికి దిగుతుంటే మా డ్రైవరు, జగిత్యాల అతనే, "పైసలు రేపు పడ్తయా అన్నా?" అన్నాడు. ఫైలు బ్యాంకుకి వెళ్ళిందని చెప్పాను. కొత్త బ్యాటరీ రావడానికి మరో పది రోజులు పట్టింది.