తన రోగచరిత్ర తనకు తెలియవలదా?

తన పొలముయొక్క అడంగలు నకలును పట్టుబట్టి తెచ్చుకొను రైతు, తన దేహమునుగూర్చి ఆసుపత్రిలో వ్రాసిన కాగితము నడుగుటకు జంకుచున్నాడు. "అంతయు డాక్టరుగారికి తెలియును గదా" యని యూరకుండుట మనవారిలో మర్యాదగా నెంచబడుచున్నది. ఇది మర్యాద కాదు, తన హక్కును తాను మరచుట యని మా యభిప్రాయము.

హక్కు క్రొత్తది కాదు. రోగి కోరినచో 72 గంటలలో రికార్డుల నొసగవలెనని భారత వైద్యమండలి 2002లోనే నిబంధన గావించినది. 2021 సెప్టెంబరు 27వ తేదీన దేశమంతట ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ వలన, 14 అంకెల ఆభా సంఖ్య గలవారు తమ రికార్డులను ఎలక్ట్రానిక్ రూపమున చూచుకొనుటకును, తమ సమ్మతిపై ఇతర వైద్యులకు చూపుటకును మార్గ మేర్పడినది.

రోగి చదివినచో భయపడునని కొందరు వైద్యు లాక్షేపింతురు. అమెరికాలో ఈ యాక్షేపణ పరీక్షకు నిలిచినది. 2010లో బోస్టన్, పెన్సిల్వేనియా, సియాటిల్ ప్రాంతములలో 105గురు వైద్యులు తమ వ్రాతలను 13,000 మందికి పైగా రోగులకు తెఱచి చూపిరి. 2012లో ఫలితములు వెలువడెను. చదివి బదులిచ్చినవారిలో, ఆయా స్థలములనుబట్టి, 77 మొదలు 87 శాతము వరకు తమ చికిత్స తమ యదుపులో నున్నట్లు తోచినదనిరి. మందులు వాడువారిలో 60 మొదలు 78 శాతము వరకు వానిని మునుపటికంటె సక్రమముగా వాడుచున్నామనిరి. కలత, గందరగోళము, మనస్తాపము కలిగినవారు 8 శాతమునకు మించలేదు.

అయినను 26 మొదలు 36 శాతము వరకు గోప్యతనుగూర్చి శంకించిరి. ఈ శంక త్రోసివేయదగినది కాదు. మన యూళ్లలో ఒకరి వ్యాధి బయటపడినచో పెండ్లి సంబంధములు తప్పిపోవుట, ఉద్యోగమునకు చిక్కు కలుగుట ఎఱుగనివా రెవరు? సమ్మతి కోరు మాటలను చదువకయే ఫోనును పరులచేతి కిచ్చి "మీరే నొక్కండి" యనువారు తమ తాళపుచెవిని తామే యొసగుచున్నారు.

అంతకు మించిన లోపము భాషది. ఆంగ్లమున, అందును పొడియక్షరములలో వ్రాసిన చీటి చేతికి వచ్చినను, తెలుగు మాత్రమే చదువగల తల్లికి అది మూతపడిన పెట్టెయే. వ్యాధిపేరు, మందులు, మరల రావలసిన దినము, ప్రమాదసూచనలు, ఇన్నియు ప్రతి ఆసుపత్రియు అర పుటలో తెలుగున వ్రాసి యీయవలెను. ప్రభుత్వములు దీనిని విధింపవలెను. రోగులు, వారి బంధువులు జంకు విడిచి అడుగవలెను. అడుగనివాని హక్కు కాగితముమీదనే యుండిపోవును.