పత్తి చేలో కెమెరా

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పత్తి రైతుకు ముందు అప్పు, ఆ తర్వాతే విత్తనం. పురుగును తట్టుకునేలా జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి 2002 మార్చిలో కేంద్రం అనుమతిచ్చింది. కాయతొలుచు పురుగుకు మందులు కొట్టి కొట్టి విసిగిన రైతుకు అది పెద్ద ఆశే.

ఆ ఆశ ఏమైందో చూడటానికి కెమెరా పట్టుకుని బయల్దేరింది టీవీ చానెళ్లు కాదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని దళిత మహిళలు. వాళ్లలో చాలామందికి చదువు రాదు, కూలి పని మాత్రం బాగా తెలుసు. వరంగల్ పత్తి చేలకు మళ్లీ మళ్లీ వెళ్లి, అవే కుటుంబాలను పలకరిస్తూ చిత్రీకరించారు. 2003లో ఆ డాక్యుమెంటరీ బయటికొచ్చింది.

కెమెరా ఎత్తు విషయంలో వాళ్లకో పట్టింపు ఉంది. మనుషుల్లో ఎక్కువ తక్కువలు చూపే కోణాన్ని దొర పేరుతో ‘పటేల్ షాట్’ అన్నారు. కళ్లకు సమానంగా తీసేది ‘సంఘం షాట్’. ఫిల్మ్ స్కూళ్లలో ఇంత సూటిగా చెప్పరేమో!

బీటీ ఆశ వమ్మైందని చెప్పిన ఆ సినిమా ఊళ్లలోనే కాదు, విదేశాల్లోనూ ఆడింది. అయినా కొన్నేళ్లకే అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో పత్తి దాదాపు అంతా బీటీ అయింది. తర్వాత గులాబీ రంగు పురుగు దాన్నీ తట్టుకుని కాయల్లోకి చేరింది. గుంటూరు వైపు ఆ కథ తీసేవాళ్లకు థియేటర్ దొరక్కపోవచ్చు. మిర్చి కోతలయ్యాక ఓ ప్రొజెక్టర్, రామాలయం గోడ చాలు.