ఏకాంత కోష్ఠం, ఆత్మహాని: సెల్యులార్ జైలు సాక్ష్యం

నాటి పోర్ట్ బ్లెయిర్‌లో డెలానీపూర్‌కు సమీపాన, సముద్రం ఒడ్డున ఉన్న సెల్యులార్ జైలును 1896–1906 మధ్య నిర్మించారు. నడిమి బురుజు నుండి ఏడు శాఖలు బండిచక్రపు ఆకుల వలె వెలువడేవి. నేడు మూడే మిగిలాయి. ఒక్కొక్క గది పొడవు సుమారు 4.5 మీటర్లు, వెడల్పు 2.7 మీటర్లు. కొలతలు మాత్రమే చూస్తే ప్రాచీన విహారాలలోని భిక్షువుల గదులూ విశాలమైనవి కావు. భేదమంతా గుమ్మంలో ఉంది. నాగార్జునకొండ విహారాలలో గదుల ద్వారాలు నడుమనున్న స్తంభమండపం వైపు తెరుచుకుంటాయి. ఇక్కడ ఒక శాఖ ముంగిలి మరొక శాఖ వీపును చూస్తుంది. ఖైదీకి తోటిఖైదీ ముఖం కనబడకూడదన్నదే కట్టినవారి సంకల్పం.

ఆ సంకల్పం ఫలితం 1912లో బయటపడింది. అలీపూర్ బాంబు కేసులో శిక్షపడిన ఇందుభూషణ్ రాయ్ ఆ ఏప్రిల్‌లో తన గదిలోనే ప్రాణం తీసుకున్నారు. అదే కేసులోని ఉల్లాస్కర్ దత్తుకు జూన్‌లో మతి చలించింది. ఇద్దరూ వెలుపలి చాకిరీకి వెళ్లి (అదీ సుఖమైనదేమీ కాదు) తిరిగి గదులకు చేరినవారే. దత్తు స్థితికి మలేరియా కారణమని అధికారులు చెప్పారు. జ్వరం నిజమే కావచ్చు; చేతులకు సంకెళ్లు వేసి నిలువునా నిలబెట్టిన శిక్ష కూడా అంతే నిజం. ఆయనను మొదట ద్వీపంలోని పిచ్చాసుపత్రికి, తరువాత మద్రాసు ఆసుపత్రికి తరలించారు. 1920లో విడుదలయ్యారు.

రోగి కనుకనే ఒంటరి గదికి పంపారా, ఒంటరి గది వలన రోగి అయ్యాడా అన్న ప్రశ్న పాతదే. న్యూయార్క్ నగర కారాగారాలపై 2014లో వెలువడిన అధ్యయనంలో ఏకాంత నిర్బంధం అనుభవించినవారు 7.3 శాతమే, ఆత్మహాని ఘటనలలో 53.3 శాతం వారివే. తీవ్ర మానసిక వ్యాధిని విడిగా లెక్కించినా ఏకాంత నిర్బంధంతో సంబంధం చెరగలేదు. మన దేశపు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రంలోను, కేంద్రపాలిత ప్రాంతంలోను కనీసం ఒక కారాగారపు వైద్యవిభాగంలో మానసిక చికిత్సాకేంద్రం ఉండాలి.

కోరి ఎంచుకున్న వివేకవాసం వేరు, బయట తాళం పడిన ఒంటరితనం వేరు. అయినా కోరుకున్న ఏకాంతం సైతం వికటించగలదని వినయపిటకానికి తెలుసు. వైశాలిలో అశుభభావన చేస్తూ దేహంపై రోత పుట్టి భిక్షువులు ప్రాణాలు విడిచిన వృత్తాంతం తృతీయ పారాజికకు నేపథ్యం. పక్షం రోజుల ఏకాంతం నుండి వచ్చిన బుద్ధుడు మిగిలినవారందరినీ ఉపస్థానశాలకు పిలిపించి ఆనాపానసతి బోధించాడు. మతి తప్పిన గగ్గ భిక్షువు విషయంలో సంఘం మరింత నిదానంగా నడిచింది. ఆ స్థితిలో చేసిన పనులకు అతణ్ణి నిందించరాదని అమూళ్హవినయం ఏర్పరచింది. ఉపోసథానికి రావాలని అతనికి గుర్తున్నా లేకపోయినా, అతను వచ్చినా రాకపోయినా, ఆ కర్మ చెల్లుతుందని సమ్మతి ఇచ్చింది.