పంటి ఆసుపత్రిలో పనిచేసే చేతులు

దంతవైద్యుని కుర్చీలో నోరు తెరచి కూర్చున్నవారికి తమ పన్ను తప్ప మరేదీ జ్ఞాపకముండదు. మేమూ అంతే. మొన్న వేసవిలో మా యింటావిడకు దవడపన్ను తీయించడానికి తోరణగల్లులోని ఒక చిన్న దంతవైద్యశాలకు వెళ్ళినాము. కుర్చీ పక్కన వుమ్మి పీల్చే గొట్టం పట్టుకొని నిలబడిన అమ్మాయి మా వీధిలో పెరిగిన పిల్లే. తలకు టోపీ, ముఖానికి మాస్కు, దానిమీద అద్దంవంటి తొడుగు, మెడనుండి మోకాళ్ళదాకా గౌను. కళ్ళను బట్టి గుర్తుపట్టవలసివచ్చినది.

పని ముగిసి ఆమె మాస్కు తీసినప్పుడు ముక్కు దూలంమీద ఎర్రని గాటు కనిపించినది. గ్లౌజులు తీసినప్పుడు మాకు మాట రాలేదు. వ్రేళ్ళ సందులు పగిలి, మణికట్టుదాకా తోలు ఎర్రబారి వున్నది. "ఏమిటమ్మా యిది?" అని మా యింటావిడ అడిగితే "ఏమీ లేదు పెద్దమ్మా, సబ్బు పడలేదు" అని చేతులు వెనక్కి పెట్టుకొన్నది.

అసలు సంగతి ఆమె తల్లి చెప్పినది. ఆరు నెలలుగా ఆ అమ్మాయి జొన్నరొట్టె తట్టలేదు. వేడినీళ్ళతో పిండి కలిపితే చేతులు నిప్పులలో పెట్టినట్టు వుంటవట. చింతపండు పిసకదు, ఉప్పు ముట్టదు. పని చేసేచోట మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే "నీకీ పని సరిపడదు" అని మాన్పిస్తారేమోనని భయం. ఆ జీతంతోనే తమ్ముడి చదువు నడుస్తున్నది.

బళ్ళారికీ హోసపేటకూ నడుమ సండూరు కొండల యెర్రదుమ్ములో వున్న తోరణగల్లు మన చదువరులలో చాలామందికి తెలిసిన వూరే. 1953 లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరినప్పుడు యిటే నిలిచిపోయిన తెలుగు కుటుంబాలు కొన్నయితే, ఉక్కు కర్మాగారం వచ్చిన తరువాత పనికోసం వచ్చి స్థిరపడినవి మరికొన్ని. ఇక్కడ గుమ్మం పక్కన హెల్మెట్టు, ఇనుప ముక్కు బూట్లు లేని యిల్లు అరుదు. రక్షణ అన్న మాట పిల్లలకు కూడా తెలుసు. అయితే రక్షణకోసం తొడుక్కొన్న వస్తువే మనిషిని కరుస్తుందన్న సంగతి మాత్రం మా వంటి పెద్దవాళ్ళకే తోచలేదు.

వింత ఏమిటంటే, శస్త్రచికిత్సలో రబ్బరు గ్లౌజులు వాడుకలోకి వచ్చిన కథే ఒక నర్సు చేతులు కాపాడడంకోసం మొదలైనది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో 1889-90 ప్రాంతంలో విలియం హాల్‌స్టెడ్ అనే శస్త్రవైద్యుని దగ్గర కారొలిన్ హాంప్టన్ అనే నర్సు పనిచేసేది. క్రిములను చంపడానికి వాడే పాదరసపు మందునీళ్ళు పడక ఆమె చేతులు పుండ్లు పడినవి. ఉద్యోగం మానుకొనే స్థితి వచ్చినది. హాల్‌స్టెడ్ గుడ్‌యియర్ రబ్బరు కంపెనీవారికి వ్రాసి ఆమెకోసం పలుచని గ్లౌజులు చేయించినాడు. 1890 లో వారిద్దరికీ వివాహమైనదన్నది వేరే కథ. రోగిని కాపాడడానికి కూడా గ్లౌజులు పనికివస్తవని తరువాతనే తెలిసినది. పంటి వైద్యులైతే మరి తొంభై యేండ్లపాటు వట్టి చేతులతోనే మన నోళ్ళలో పనిచేసినారు. ఎయిడ్స్ భయం వచ్చిన 1980 ల తరువాతనే వారికి గ్లౌజులు నిత్యకృత్యమైనవి. మా చిన్నతనంలో పన్ను పీకిన పెద్దమనిషి వ్రేళ్ళ పొగాకు వాసన మాకు యిప్పటికీ జ్ఞాపకమే.

మేము పట్టుబట్టి ఆ అమ్మాయిని బళ్ళారిలో చర్మవైద్యునికి చూపించినాము. ఆయన ఓపికగా చెప్పిన మాటలు యింట్లో అంట్లు తోమేవారికి కూడా పనికివచ్చేవే గనుక వ్రాస్తున్నాము.

చర్మంపైన సహజంగా సన్నని జిడ్డుపొర వుంటుంది. వేడినీళ్ళు, సబ్బు దానిని మాటిమాటికీ కడిగివేస్తవి. తడి ఆరకముందే గ్లౌజు తొడిగితే లోపల చెమట, సబ్బుమరక కలిసి నానుడు మొదలవుతుంది. చల్లని నీళ్ళతో కడిగి, వ్రేళ్ళ సందులతో సహా పూర్తిగా ఆరనిచ్చి తొడగాలి. ఉంగరం తీసివేయాలి, దానికింద నిలిచిన తడే మొదటి పగులు. చేతికి రక్తం, మురికి కనిపిస్తే సబ్బు తప్పదు. కనిపించనప్పుడు ఆల్కహాలు ద్రవమే చర్మానికి తక్కువ చేటు. పగిలిన చేతికి అది చురుక్కుమంటుంది గనుక అదే దోషి అనుకొని జనం సబ్బువైపు పరుగెత్తుతారట. పగిలిన చర్మం క్రిములకు తెరచిన తలుపు అని కూడా ఆయన అన్నారు. అంటే ఆ అమ్మాయి దాచిన చేతులతో ఆమెకేగాక కుర్చీలో కూర్చున్న మాకూ పని వున్నదన్నమాట.

కొబ్బరినూనె వ్రాసుకొంటే పోదా అని మా యింటావిడ అడిగినది. రాత్రి పడుకొనేముందు వ్రాసుకొని నూలు గ్లౌజులు తొడుక్కోవచ్చునట. పని వేళలో మాత్రం వద్దన్నారు. నూనె గాని, వ్యాసలిన్ గాని తగిలితే రబ్బరుపాల గ్లౌజు బలహీనపడి చిరుగుతుంది. పగలు నీటితో చేసిన క్రీమే వాడాలి.

ఇక పడకపోవడంలో రెండు రకాలు. రబ్బరుపాలలోని మాంసకృత్తు పడనివారికి తొడిగిన కొద్ది నిమిషాలకే దురద, దద్దుర్లు, తుమ్ములు వస్తవి. ఒక్కొక్కసారి ఊపిరి ఆడక ప్రాణంమీదికి వస్తుంది. వీరిలో కొందరికి అరటిపండు, బొప్పాయి కూడా పడవు. గ్లౌజులలో చల్లే పిండి ఆ మాంసకృత్తును గాలిలోకి మోస్తుంది గనుకనే అమెరికాలో పిండి గ్లౌజులను 2017 జనవరినుండి నిషేధించినారు. రెండవరకం నెమ్మది. రబ్బరును గట్టిపరచడానికి కలిపే మందులు పడక, ఒకటి రెండు రోజుల తరువాత చర్మం పొక్కుతుంది. వీపుమీద పట్టీలు అంటించి రెండు రోజులు వుంచి చూస్తే మన అమ్మాయికి యీ రెండవదే అని తేలినది. అంతకుముందు తన డబ్బుతో నైట్రైల్ గ్లౌజులు కొనుక్కొన్నా గుణం కనిపించకపోవడానికి కారణం అప్పుడు తెలిసినది. వాటిలోనూ సాధారణంగా ఆ మందులు వుంటవి. అవి కలపని రకం వేరే వున్నదట. పన్ను పూడ్చే రెసిన్ ద్రవం పలుచని గ్లౌజులోనుండి కొద్ది నిమిషాలలోనే చర్మానికి దిగుతుంది గనుక దానిని గ్లౌజు వున్నా తాకవద్దని, తాకితే వెంటనే గ్లౌజు మార్చి చేయి కడుక్కోవాలని హెచ్చరించినారు.

ముక్కుమీది గాటు కరోనా నాటి వారసత్వం. పంటిని తొలిచే యంత్రం నీటి తుంపరలను గదినిండా చిమ్ముతుంది. అందుచేత 2020 మే నెలలో కేంద్ర ఆరోగ్యశాఖ దంతవైద్యశాలలకు ప్రత్యేక సూచనలిచ్చినది. బిగువైన ఎన్-95 మాస్కులు అక్కడ మామూలైనవి. ఆ యేడు చైనాలోని హుబే రాష్ట్రంలో 542 మంది వైద్యసిబ్బందిని విచారిస్తే 526 మందికి చర్మం దెబ్బతిన్నట్టు తేలినది, అందులోనూ ఎక్కువగా ముక్కు దూలం. మరుసటి యేడు మే నెలలో ఫ్యాక్టరీ ఆక్సిజనుతో తోరణగల్లులోనే వేయి పడకల తాత్కాలిక ఆసుపత్రి వెలసినప్పుడు అక్కడి సిబ్బంది ఆ యెండలో నిలువెల్లా తొడుగులతో ఎట్లా నిలబడ్డారో తలచుకొంటే యిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. మాస్కు కింద దూది, పట్టీ పెట్టుకోవడం తేలికే, అయితే అంచు లేచి గాలి దొంగదారి పడుతుంది. ముందుగానే క్రీమ్ వ్రాసి ఇంకనివ్వడం, సరిపోయే కొలత ఎంచుకోవడం, గది దాటివచ్చి మధ్యమధ్య తీసి ముఖానికి గాలి తగలనివ్వడం మేలు.

అమ్మాయి సిగ్గుపడుతూ మా యింటావిడ చెవిలో చెప్పిన మాట మరొకటి వున్నది. గౌను విప్పి బయటికి పోవడం గొడవ అని ప్రొద్దుటినుండి సాయంత్రందాకా నీళ్ళు త్రాగదట. తలనొప్పి, మూత్రంలో మంట. బళ్ళారి యెండలో, నలభై డిగ్రీలు దాటే రోజులలో! ఇది వినగానే చర్మవైద్యుడు కలం పక్కన పెట్టి, చేతులకంటె ముందు దీనిని సరిచేయండి అన్నారు. రెండు గంటలకొకసారి నీళ్ళకు, బాత్రూముకు విరామం వుండి తీరాలన్నారు.

ఆ మాటలన్నీ దంతవైద్యునికి ఎవరు చెప్పాలి? అమ్మాయి వద్దన్నది. మేమే వెళ్ళినాము. డాక్టరుగారు కొంచెంసేపు మాటాడలేదు. తరువాత తన ఎడమచేయి చాపినారు. బొటనవ్రేలిమీద అదే పొక్కు. ఆయనా ఎవరికీ చెప్పలేదు. ఇంతకాలం అందరికీ ఒకే కొలత, పిండి చల్లిన చౌక గ్లౌజుల పెట్టెలు తెప్పించినది తానేనని ఒప్పుకొన్నారు. వృత్తివల్ల వచ్చే చర్మవ్యాధులకు 1923 నాటి కార్మిక పరిహార చట్టంలోనే చోటుండేదని మేము చెప్పబోయి మానుకొన్నాము, అవసరం పడలేదు.

ఇప్పుడు ఆ మందులు కలపని గ్లౌజులు చిన్న కొలతలో తెప్పిస్తున్నారు. పదకొండింటికి, ఒంటిగంటకు, నాలుగింటికి గౌను విప్పి నీళ్ళు త్రాగుతారు; రోగులు కాసేపు కూర్చుంటారు. చేతులు మానడానికి మూడు నెలలు పట్టినది. గత ఆదివారం మాకు జొన్నరొట్టెలు పంపినది, తనే తట్టినదట. ఆవకాయ మాత్రం ఈ యేడు వాళ్ళమ్మే కలిపినది. అమ్మాయి జాడీలకు వాసెన గుడ్డలు కట్టినది.