కొత్త దేశం – సాంస్కృతికాఘాతం

అనంతపురం పీఠభూమి వర్షచ్ఛాయా ప్రాంతం. పడమటి కనుమలు రుతుపవనాలను అడ్డగించడం చేత ఇక్కడి సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుశనగ చేను ఎండినప్పుడల్లా పల్లెలు వలస బాట పడతాయి. కొందరు బెంగుళూరుకు పోగా, కదిరి పరిసరాల నుండి ఎందరో స్త్రీలు ఇంటిపనికై కువైట్ చేరారు.

పరదేశపు జీవనరీతి మనస్సులో రేపే కలవరాన్ని సాంస్కృతికాఘాతం అంటారు. మానవశాస్త్రవేత్త కలెర్వో ఓబర్గ్ 1960లో ప్రచురించిన వ్యాసంలో దీని దశలను వివరించారు. మొదట వింతల మురిపెం, పిదప చిరాకు, బెంగ, ఆపై క్రమంగా కుదుటపడడం. పలకరింపు, బేరం, మౌనం - ఏది ఎప్పుడు తగునో తెలిపే గుర్తులన్నీ ఒక్కసారిగా చెదరిపోవడమే ఇందుకు కారణమన్నారు.

పొట్టకూటికై పోయిన పల్లె స్త్రీకి ఆ మురిపెం దక్కుతుందా అన్నది సందేహమే. ఎండ ఆమెకు కొత్త కాదు. మూసిన తలుపు కొత్త. ఊరిలో వాకిలి, బోరింగు దగ్గరి ముచ్చట్లు ఆమె లోకం. అక్కడ నివాసానుమతిని యజమానితో ముడిపెట్టే కఫాలా పద్ధతి ఉంది. గడప దాటాలన్నా అతని మాట కావాలి. రాగిసంకటికి మారుగా ఖుబ్బూస్, తెలుగుకు మారుగా అరబ్బీ. ఆ భాషలో ఆమె ముందుగా నేర్చేవి ఆజ్ఞలే.

కువైట్ 2015లో చేసిన గృహకార్మికుల చట్టం వారానికొక సెలవు దినాన్ని హక్కుగా గుర్తించింది. చూడడానికి ఇది స్వల్ప విషయమే. కానీ సాటి తెలుగువారితో గంటసేపు తనివితీరా మాట్లాడగలిగితేనే మనస్సు కుదుటపడడం మొదలవుతుంది.

తిరిగివచ్చాక మరొక ఆఘాతం కాచుకొని ఉంటుంది. అవ్వనే ‘అమ్మా’ అని పిలవడానికి అలవాటుపడిన పసివాడు ఆమెను చూసి తలుపు చాటున దాక్కుంటాడు.